యెరికో గులాబి

పరిశుద్ధ దేశమును దర్శించిన యాత్రికులు శతాబ్దములుగా తమ యిండ్లకు గొనిపోవుచు వచ్చిన వస్తువులలో నొకటి చూచుటకు ఏమాత్రమును అందమైనది కాదు. అది పసివాని పిడికిలియంత యెండుపుల్లల ముద్ద. దానికి ఆకు లేదు, పువ్వు లేదు, వాసన లేదు. చూచినవారు దానిని పొయ్యిలో వేయుటకే తగినదని తలంతురు. కాని దానిని నీటిపళ్లెములో నుంచి కొన్ని గంటలు ఓపికపట్టినయెడల, ముడుచుకొనియున్న పుల్లలు ఒక్కొక్కటిగ విచ్చి, పిడికిలి అరచేయిగ మారును. నీరు తీసివేసి యారనిచ్చినచో మరల ముడుచుకొనును. ఏండ్లతరబడి ఎన్నిమారులు తడిపినను ఇట్లే జరుగుచుండును. దీనినే యెరికో గులాబి యనియు, పునరుత్థానపు మొక్క యనియు పిలుచుచున్నారు.

ఈ మొక్కను చేతబట్టి క్రీస్తు ప్రభువు పునరుత్థానమును బోధించిన ఉపదేశకులు అనేకులు. చచ్చిన మొక్క బ్రదికినది చూడుడని వారు చెప్పుదురు. ఆ మాట ఎంతవరకు నిజము? నిజము తెలిసికొనుట మన విశ్వాసమునకు సహాయమా, విఘాతమా? ఈ రెండు ప్రశ్నలను ఈ పాఠమున విచారింతము.

1. పేరు

ఇది గులాబి కాదు. గులాబి కుటుంబముతో దీనికి సంబంధమే లేదు. మన వంటయింటి పోపులపెట్టెలోని ఆవాలు ఏ కుటుంబమునకు చెందినవో, ముల్లంగియు క్యాబేజియు ఏ కుటుంబమునకు చెందినవో, ఆ కుటుంబమునకే యిదియు చెందినది. ఆ కుటుంబపు పువ్వులకు నాలుగు రేకులు సిలువ యాకారమున నమరియుండును. అందుచేతనే వృక్షశాస్త్రజ్ఞులు పూర్వము దానికి సిలువను మోయునదను అర్థమిచ్చు లాటిను పేరు పెట్టిరి.

ఇది యెరికో పట్టణమునకు మాత్రమే పరిమితమైనదియు కాదు. ఉత్తర ఆఫ్రికా యెడారులు మొదలుకొని ఐగుప్తు, సీనాయి, నెగెబు, మృతసముద్ర ప్రాంతము, అరేబియా, ఇరాను, పాకిస్తాను వరకు ఇసుకనేలలయందు ఇది మొలచును. 1753వ సంవత్సరమున స్వీడను దేశస్థుడైన లిన్నేయసు దీనికి అనస్టాటికా హీరోకుంటికా యను శాస్త్రనామము నిచ్చెను. మొదటి మాట పునరుత్థానమను అర్థముగల గ్రీకుమాటనుండి పుట్టినది. రెండవ మాటకు యెరికోకు చెందినదని యర్థము.

అరబ్బు దేశములలో దీనిని కఫ్ మర్యమ్, అనగా మరియమ్మ హస్తము, అని యందురు. ప్రసవవేదన పడుచున్న స్త్రీ ప్రక్కను దీనిని నీటిలో నుంచుట అచ్చట ప్రాచీనాచారము. పుల్లలు విచ్చుకొనినట్లే బిడ్డ సుఖముగ భూమిమీద పడవలెనని వారి కోరిక. క్రైస్తవులలోను కథలు పుట్టినవి. మరియ యోసేపులు శిశువైన యేసును దీసికొని ఐగుప్తునకు పారిపోవునప్పుడు, తల్లి యడుగు పెట్టిన తావులందెల్ల ఈ మొక్క మొలచెనని యొక కథ. ప్రభువు పుట్టినప్పుడు విచ్చి, సిలువ వేయబడినప్పుడు ముడుచుకొని, పునరుత్థాన దినమున మరల విచ్చెనని మరియొక కథ. ఐరోపాలోని కొన్ని కుటుంబములలో క్రిస్మసు పండుగనాడు ఈ ముద్దను పెట్టెలోనుండి తీసి నీటిలో నుంచు వాడుక కలదు. ఇవి భక్తులు అల్లుకొనిన కథలే గాని వేదవాక్యములు కావని పిల్లలు గుర్తెరుగవలెను.

2. ఎడారిలో దీని జీవితము

యెడారిలో వాన యెప్పుడు పడునో చెప్పజాలము. పడిన వాన ఎన్నాళ్లు నిలుచునో యంతకంటె చెప్పజాలము. ఈ మొక్క ఆయుష్షు ఆ వానతోనే ముడిపడియున్నది. తడి తగిలిన విత్తనము త్వరగా మొలచును. నేలమీద జానెడైనను ఎత్తు లేకుండ కొమ్మలు చుట్టును పరచుకొనును. చిన్న చిన్న తెల్లని పువ్వులు పూయును. కాయలు కాచును. ఇంతలో నేల యెండిపోవును, మొక్కయు చచ్చును.

గమనింపుడు, అది నిజముగనే చచ్చును. ఆకులు రాలిపోవును. కొమ్మలు కొయ్యబారి, లోపలికి వంగి, కాయలను నడుమ బెట్టుకొని పిడికిలివలె బిగిసికొనును. ఈ పిడికిలిలో విత్తనములు ఎండనుండియు, చీమలు మొదలగు జీవులనుండియు కాపాడబడుచు అనేక సంవత్సరములు నిలిచియుండును.

ఒకనాడు మంచి వాన కురియును. పిడికిలి విచ్చుకొనును. వానచినుకులు కాయలమీద తాకినప్పుడు కొన్ని విత్తనములు ఎగిరి వెలుపల పడును. అన్నియు ఒక్కసారి పడవు. వాన చాలక ఈ మొలకలు చచ్చినను మరుసటి వానకు మరికొన్ని విత్తనములు మిగిలియుండును. పడిన విత్తనముచుట్టును, మన సబ్జాగింజలకు నీటిలో పట్టునటువంటి జిగురు పట్టును. ఆ జిగురువలన అది నేలకు అంటుకొని, ఒకటి రెండు దినములలోనే మొలకెత్తును.

ఈ మొక్క వేరూడి, గాలికి బంతివలె దొర్లుచు, నీరున్న చోటికి పోయి మరల నాటుకొనునని అనేక పుస్తకములలో వ్రాయబడినది. అది సరికాదు. నెగెబు ఎడారిలో జరిగి 1980లో ప్రకటింపబడిన పరిశోధనవలన, చచ్చిన తల్లిమొక్క సాధారణముగ తాను పుట్టిన చోటనే పాతుకొని యుండుననియు, విత్తనములలో చాలవరకు దాని చెంతనే పడుననియు తేలినది.

3. విచ్చుకొనుటకు కారణము

చచ్చిన మొక్క యెట్లు కదలును? వానకాలమున మన యింటి తలుపులు ఉబ్బి ద్వారబంధములో బిగిసికొనుట అందరును ఎరిగినదే. ఆ తలుపు బ్రదికినదని యెవరును చెప్పరు. కొయ్య నీటిని పీల్చుకొని యుబ్బినది, అంతే. ఈ మొక్క కొమ్మలలో ఒక ప్రక్కనున్న కణముల గోడలు రెండవ ప్రక్కనున్న వానికంటె ఎక్కువగ ఉబ్బును. అందువలన వంగిన కొమ్మ చాచుకొనును. ఆరినప్పుడు ఆ ప్రక్కయే ఎక్కువగ కుంచించుకొనుటచే మరల వంగును. ఇందు ప్రాణముతో పని లేదు. నూరుమారులు విచ్చినను దానికి ఒక్క ఆకైనను చిగురింపదు.

4. అదే పేరుగల మరియొక మొక్క

బజారులలో యెరికో గులాబి యను పేరుతో విక్రయింపబడునది తరచుగ పై మొక్క కాదు. అది మెక్సికో దేశపు ఎడారులందును, దానిని ఆనుకొనియున్న టెక్సాసు ప్రాంతమందును పెరుగు సెలాజినెల్లా లెపిడోఫిల్లా. దానికి పువ్వు లేదు, విత్తనము లేదు. ఫెరను మొక్కలవలె సూక్ష్మమైన బీజరేణువులచే వృద్ధిబొందును. ఇది యెండినప్పుడు తనలోని నీటిలో నూటికి 95 పాళ్లకు మించి పోగొట్టుకొనును. ఐనను దాని కణములు చావవు. ట్రెహలోసు అను ఒక విధమైన చక్కెర ఆ కణములను కాపాడు సాధనములలో నొకటి. నీరు తగులగానే ఆకులు విచ్చి, పచ్చబడి, మరల ఆహారమును తయారుచేయ నారంభించును.

ఈ మొక్కకు మన దేశమునందును ఒక జ్ఞాతి కలదు. దాని పేరు సెలాజినెల్లా బ్రయోప్టెరిస్. అదియు ఎండి ముడుచుకొని నీటిచే పచ్చబడును. రామాయణ కథలో లక్ష్మణుని మూర్ఛ దీర్చిన సంజీవని పేర దానిని పలుచోట్ల అమ్ముచున్నారు.

రెంటికిని భేదము తెలిసికొనుట సులభము. తడిపిన పిమ్మటను పుల్లలు గోధుమవర్ణముననే యుండి, వానిపై చిన్న చెవులవంటి మొనలుగల కాయలు కనబడినయెడల అది యెరికో మొక్క. పొలుసులవంటి సన్నని ఆకులు విప్పుకొని పచ్చబడినయెడల అది మెక్సికో మొక్క.

5. సంకేతార్థము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. నీటిలో విచ్చిన యెండుముద్దను చూపి, ఇది బ్రదికినదని చెప్పుట సత్యము కాదు. అట్లు విని నమ్మిన బాలుడు పెద్దవాడై, అది చచ్చిన కొయ్యయేయని యొకనాడు తెలిసికొనును. అప్పుడు తనకు ఈ చిన్న సంగతి తప్పుగ చెప్పినవారు పెద్ద సంగతియు తప్పుగనే చెప్పియుందురని తలంపడా? విశ్వాసమునకు అసత్యమును ఊతకఱ్ఱగ నిచ్చువాడు, అది విరిగిననాడు పడువానికి ఉత్తరవాది యగును.

యెహెజ్కేలు గ్రంథము 37వ అధ్యాయము జ్ఞాపకము చేసికొనుడు. లోయలోని యెండిన యెముకలు ఒకదానితో నొకటి కూడుకొనినవి, నరములును మాంసమును వచ్చినవి, చర్మము కప్పినది. ఐనను జీవాత్మ వచ్చువరకు అవి శవములే. ఆకారము చక్కబడుట వేరు, ప్రాణము వచ్చుట వేరు అని ప్రవక్త యెరుగును. మన పండుగ బట్టలును, మన పాటలును, మన ప్రార్థనకూటములును తడి తగిలినప్పుడు విచ్చు పుల్లలవంటివా, లేక లోపల జీవము కలవా యని ప్రశ్నించుకొనుటకు ఈ మొక్క తగిన యద్దము.

అట్లయిన ఇందు పునరుత్థానమునకు సాదృశ్యమే లేదా? కలదు, కాని అది విచ్చిన కొమ్మలలో లేదు, కొమ్మలు దాచిన విత్తనములలో నున్నది. ప్రభువు తన మరణమును గూర్చి యోహాను సువార్త 12వ అధ్యాయమున చెప్పినప్పుడు తీసికొనిన సాదృశ్యము భూమిలో పడిన గోధుమగింజ. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయమున తీసికొనినదియు విత్తనమే. పాత దేహమే మరల చాచుకొనుట వారు చెప్పిన సంగతి కాదు. విత్తబడినదానినుండి క్రొత్త దేహము కలుగుట వారు చెప్పిన సంగతి. కాబట్టి మొక్కను గూర్చిన నిజము మన విశ్వాసమునకు విఘాతము కాకపోగా, వాక్యమునకు మరింత సమీపముగ మనలను చేర్చుచున్నది.

తల్లిదండ్రులకు మరియొక సంగతి. చచ్చిన తరువాతను తన కాలము గడచువరకు ఆ తల్లిమొక్క విత్తనములను పట్టుకొనియుండి, తగిన వేళకు విడిచిపెట్టును. తొందరపడి విడువదు, వాన వచ్చినప్పుడు బిగబట్టదు.

6. సంరక్షణ

యెరికో మొక్క దొరికినవారు దానిని లోతులేని పళ్లెములో నుంచి, వేరుభాగము మునుగునట్లు మంచినీరు పోయవలెను. పూర్తిగ విచ్చినపిమ్మట రెండు మూడు దినములకంటె నీటిలో నుంచరాదు. ఉంచినచో బూజుపట్టి క్రుళ్లును. తరువాత గాలి తగులుచోట బాగుగ ఆరబెట్టి, పొడిపెట్టెలో దాచవలెను. విత్తనములు మిగిలియున్నయెడల ఇసుక కలిపిన మట్టిపైన చల్లి, లోతుగ పూడ్చక, ఎండ తగులుచోట నుంచి తేలికగ తడుపవలెను.

మెక్సికో మొక్కకు గులకరాళ్లు పరచిన పళ్లెము మేలు. వాననీరు శ్రేష్ఠము. నీటిని తరచుగ మార్చవలెను. తీక్ష్ణమైన ఎండ కూడదు, వెలుతురు చాలును. కొన్ని దినములు పచ్చగ నుంచిన పిమ్మట ఎండబారనిచ్చి విశ్రాంతి నీయవలెను.

ఈ మొక్కను నానబెట్టిన నీటిని గర్భిణులకు త్రాగించు వాడుక కొన్ని దేశములలో కలదు. వైద్యుని యాలోచన లేక అట్లు చేయుట అపాయకరము. మొక్క విచ్చుటకును ప్రసవమునకును ఏ సంబంధమును లేదు. వేదన పడు తల్లికి కావలసినది నేర్పుగల మంత్రసానియు, ఆసుపత్రియు.

ఈ మొక్క దొరకని పిల్లలు నిరాశపడవలదు. ఒక యెండుపుల్లను, పది ఆవగింజలను ఒకే తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండ మూడు దినములు చూచుకొనుడు. పుల్ల నీటిని పీల్చి యుబ్బియుండును. ఆవాలు మొలకెత్తియుండును. రెంటిని ప్రక్కప్రక్కను పెట్టి, వాని భేదమును మీ తమ్ములకును చెల్లెండ్రకును వివరింపుడు.