చేప మెదడులో వెలిగిన చుక్కలు

కోడంబాక్కం

చిరంజీవి లలితకు తాతయ్య ఆశీస్సులు.

మొదటి మెదడు స్కాన్లలోనే ఎర్రమచ్చలు కనిపించాయని రాశావు. చాలా సంతోషమమ్మా. కానీ మీ మేడంకి చూపించే ముందు ఇది చదువు.

మా అన్నయ్య ఇక్కడే ఎడిటింగ్ రూములో పనిచేసేవాడు. క్లాప్ పడిన ఫ్రేమునీ, సౌండులో 'టక్' మన్న చోటునీ కలిపి సింక్ చేసేవాడు. ఎఫ్ఎంఆర్ఐలో నువ్వు చేసే రిగ్రెషనూ అలాంటి సింకే. కాకపోతే సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, నీకు ఒక్కో ఫ్రేముకే సుమారు 2 సెకన్లు. పైగా మెదడు స్పందించిన ఐదారు సెకన్లకు గానీ రక్తంలో ఆక్సిజన్ మార్పు పూర్తిగా కనబడదు. ఆ ఆలస్యాన్ని లెక్కలో కలిపావనే అనుకుంటున్నాను.

నా బెంగ వేరే. నీ దగ్గర లక్ష వోక్సెళ్లున్నాయి, అంటే స్కానర్ మెదడును విడగొట్టిన చిన్న చిన్న గళ్లు. ఒక్కోదాన్నీ 0.05 దగ్గర పరీక్షిస్తే, అక్కడ ఏమీ జరగకపోయినా సుమారు 5,000 వెలుగుతాయి! 2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించింది. పరీక్షల సంఖ్యకు తగ్గ సవరణ చేయకపోతే చేప మెదడులోనూ చుక్కలు వెలిగాయి. సవరించాక ఒక్కటీ మిగల్లేదు.

ఆ సవరణకు ఒక దారి చెబుతాను. నీ స్కాన్లలో 12 మంది ఉన్నారు కదా. పనికీ విశ్రాంతికీ తేడా నిజంగా లేకపోతే, ఒక్కొక్కరి తేడా పటానికి ప్లస్ అయినా మైనస్ అయినా ఒకటే. ఆ గుర్తుల్ని మార్చుకుంటూ పోతే 4,096 రకాలు వస్తాయి. ప్రతిసారీ మెదడంతటికీ టి విలువలు కట్టి, అన్నిటికన్నా పెద్దదాన్ని మాత్రం రాసుకో. చివర్న వాటిని పెద్ద నుంచి చిన్నకు పేర్చు. 205వది నీ గీత. అసలు పటంలో దాన్ని దాటినవే నిలుస్తాయి.

ఒక్క జాగ్రత్త. తేడాలు సున్నాకు అటూ ఇటూ ఒకేలా పరుచుకుని ఉండాలి, లేకపోతే ఈ పద్ధతీ తప్పవచ్చు. 2016లో ఎక్లుండ్, నికొల్స్, క్నుట్సన్ 499 మంది విశ్రాంతి స్కాన్లతో పరీక్షిస్తే, అందరూ వాడే సాఫ్ట్‌వేర్లలో క్లస్టర్ల (పక్కపక్కనే కలిసి వెలిగిన వోక్సెళ్ల) లెక్క కొన్నిచోట్ల 70 శాతం దాకా లేనిది ఉన్నట్టు చూపింది. గుర్తులు మార్చే పద్ధతి చాలావరకు నిలబడింది గానీ, ఒకే గుంపు మీద పెట్టిన కొన్ని పరీక్షల్లో అదీ తప్పింది. నీదీ ఒకే గుంపే.

అన్నట్టు, నీ రిగ్రెషన్ మాట్రిక్స్‌కి విలోమం రావడం లేదన్నావు. నిలువు వరుసల్లో ఒకటి మిగతావాటి మొత్తమై ఉంటుంది, చూడు. అలాంటి మాట్రిక్సుల సాధారణీకృత విలోమం మీద మన సి.ఆర్. రావు గారు, ఎస్.కె. మిత్రా గారు కలిసి 1971లో పుస్తకమే వేశారు. నా కాపీ పంపిస్తాను.

ఆ 205వ సంఖ్య ఎంతొచ్చిందో రాయి.

మీ తాతయ్య