పిచ్చికుక్క కాటు: దేహరక్షణ ఏల ఆలస్యమగును?

కాలిలో ముల్లు విరిగి చీముపట్టినపుడు ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, వేడెక్కుట అందరు ఎరిగినదే. రక్తములోని తెల్లకణములు అచటికి చేరి సూక్ష్మజీవులతో పోరాడుటకు అవి గురుతులు. పిచ్చికుక్క కరచినపుడు రేబిస్ వైరసుపై ఇట్టి పోరాటము సకాలమున జరుగదు. పుండు మానును, మనిషి రెండు మూడు నెలలు పనిపాటలు చేసికొనును, ఆ పిమ్మట నీటిని చూచి బెదరి మరణించును. "పుండు మానినది గదా, ఇంక సూదులెందుకు?" అని అడుగువారికి పంచాయతీ సభ్యులు సమాధానము చెప్పగలుగుటకు దీని కారణము తెలిసికొనవలెను.

రేబిస్ వైరసు కుక్క చొంగలో నుండును. కాటు ద్వారా కండలోనికి, అటనుండి నాడుల కొనలలోనికి చేరును. ఇది రక్తములో తిరుగునది కాదు. నాడిలోపల దాగి వెన్నుపాము మీదుగా మెదడునకు ఎగబ్రాకును. కావున రక్తములో కావలి కాయు కణములకు ఇది కానరాదు. కాటు మెదడునకు ఎంత చేరువగా నున్న అంత త్వరగా ముప్పు వచ్చును. ముఖముపై కాటుపడిన పసిపిల్లల విషయమున ఒక్క పూటయు జాగు చేయరాదు.

మెదడును చేరిన పిమ్మట జరుగునది మరియు విచిత్రము. వైరసు సోకిన కణము ఇంటర్ఫెరాన్ అను పదార్థమును వెలువరించి పొరుగు కణములను హెచ్చరింపవలెను. రేబిస్ వైరసులోని ఒక ప్రొటీను ఆ హెచ్చరికను అణచివేయును. రక్తమునకు, మెదడునకు నడుమ గట్టి అడ్డుగోడ వంటి ఏర్పాటు కలదు. ఈ వ్యాధిలో అది చాలవరకు తెరచుకొనదు. దానిని దాటి వచ్చిన రక్షకకణములను సైతము, వైరసు సోకిన నాడీకణములు తమ పైపొరపై నుంచుకొను కొన్ని పదార్థములచే నశింపజేయునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రోగి మరణించిన పిమ్మట మెదడును పరీక్షించిన, అంత ఘోరవ్యాధికి తగినంత వాపు కానరాకపోవుట అందుచేతనే. పక్షవాతరూపమున వచ్చు రేబిస్‌లో మాత్రము వెన్నుపామునందు, నాడులయందు వాపు కొంత అధికము. ఆ రోగి మరికొన్ని దినములు జీవించును గాని బ్రదుకుట లేదు. అతనికి నీటిభయము లేకపోవచ్చును గనుక వ్యాధి గుర్తింపబడకపోవుటయు కలదు.

2004లో అమెరికాలో గబ్బిలము కరచిన ఒక బాలిక టీకా లేకయే బ్రదికినది. వైద్యము ప్రారంభించునాటికే ఆమె రక్తమున ప్రతిరక్షకములు పుట్టియుండెను. అదే చికిత్సను పిమ్మట ఇతరులకు చేయగా చాలవరకు విఫలమైనది.

కాన వైరసు దారిలో నుండగానే ప్రతిరక్షకములు సిద్ధము కావలెను. టీకా చేయు పని అదియే. అవి పుట్టుటకు ఒకటి రెండు వారములు పట్టును. రక్తము వచ్చునట్లు కరచినచో, ఆ నడిమికాలమునకై సిద్ధముగా నున్న ప్రతిరక్షకముల మందును పుండు చుట్టును ఎక్కింతురు. అంతకుముందే సబ్బుతో, పారునీటితో 15 నిమిషములు కడుగవలెను. సబ్బు వైరసు పైపొరను కరగించును. సున్నము, కారము, పసరులు పూయరాదు.

బొడ్డుచుట్టు 14 సూదులను భయము నేటికిని పెద్దలలో కలదు. ఆ భయము నిరాధారమైనది కాదు. 1911లో కసౌలీలో సెంపుల్ రూపొందించిన ఆ టీకాను గొఱ్ఱె మెదడునుండి తీసెడివారు. అందలి నాడీపదార్థము వలన కొందరిలో దేహరక్షణ తన నాడులపైననే తిరుగబడి, వాపు, పక్షవాతము కలిగెడివి. మనదేశమున 2004 చివర దానిని విడనాడిరి. నేటి టీకాలో మెదడు పదార్థము లేదు. పటాన్‌చెరునకు చేరువనున్న గచ్చిబౌలి కేంద్రముగా ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ఇట్టి టీకానే తయారుచేయుచున్నది. భుజముల చర్మములో రెండు చోట్ల చొప్పున, మొదటిదినమునను, ఆపై 3, 7, 28వ దినములందును వేయుదురు.

పాశమైలారము, బొల్లారము పారిశ్రామికవాడల చుట్టుపట్ల చిక్కు వేరు. రాత్రిషిఫ్టు ముగించి నడచివచ్చు కార్మికులలో పొరుగురాష్ట్రములవారు పెక్కురు. మొదటి సూది వేయించుకొని, కూలి పోవునని తక్కినవి మానువారుందురు. వారి పేర్లు, రావలసిన తేదీలు ఆశా కార్యకర్తచే వ్రాయించి, గుత్తేదారునకు ముందుగా తెలుపుట పంచాయతీకి కష్టము కాదు. కుక్కలను చంపుట చట్టవిరుద్ధము. ఎంగిలికుప్ప ఉన్నంతకాలము క్రొత్తవి వచ్చుచునే యుండును. ఊరి కుక్కలలో నూటికి 70 వంతులకు టీకాలు వేయించిన వ్యాధి వాటిలో వ్యాపింపదు. పశువైద్యునితో మాటలాడునపుడు ఫ్యాక్టరీల గేట్లయొద్ద తిరుగు కుక్కలను గూడ లెక్కలో చేర్పవలెను.