చక్కెర జబ్బు – నొప్పి తెలియని గుండెపోటు

చక్కెర జబ్బు ఉన్నవారు కాలిపుండ్లకు, కంటిచూపుకు భయపడతారు. గుండె సంగతి ఆలోచించేవారు తక్కువ. కాని ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమంది ప్రాణాలు తీసేది గుండె, రక్తనాళాల వ్యాధులే.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మందితో ఒక పరిశీలన మొదలైంది. మధుమేహం ఉన్నవారికి ఈ వ్యాధుల ముప్పు ఇతరులకంటే రెండు మూడు రెట్లు అధికమని 1979లో ఆ వైద్యులు ప్రకటించారు. స్త్రీల విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. కనుక ‘ఆడవాళ్లకు గుండెజబ్బు రాదులే’ అనే మాట షుగరు ఉన్న తల్లుల విషయంలో చెల్లదు.

గుండె కండరానికి రక్తాన్ని అందించేవి కరొనరీ ధమనులు. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే వాటి లోపలి పొర దెబ్బతిని, అక్కడ కొవ్వు పేరుకొంటుంది. రక్తం కూడా తేలికగా గడ్డకడుతుంది. బి.పి., పొగాకు తోడైతే చెప్పనక్కరలేదు. పూడిక తరచుగా ఒకచోట ఆగదు, రెండు మూడు ధమనులలో పొడవునా ఉంటుంది. అటువంటి మధుమేహ రోగులకు స్టెంటు కంటే బైపాసు ఆపరేషను మేలని 2012లో ఒక పెద్ద పరిశోధనలో తేలింది.

అసలు గమనించవలసినది మరొకటి ఉంది. చక్కెర నరాలను కూడా పాడుచేస్తుంది. అరికాళ్లు తిమ్మిరెక్కేది అందుకే. గుండెనుండి నొప్పి కబురు మోసే నరాలూ ఇలాగే మొద్దుబారవచ్చు. అప్పుడు గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి, చేయి లాగడం ఉండకపోవచ్చు. హఠాత్తుగా ఆయాసం, చెమటలు, వాంతి, కడుపు పైభాగంలో మంట, ఎన్నడూ లేని నీరసం మాత్రమే కనిపించవచ్చు. మన ఇళ్లలో వెంటనే ‘గ్యాస్’ అంటారు. సోడా తాగించి పడుకోబెడతారు. ఆ పడుకోబెట్టడంలోనే విలువైన గంటలు పోతాయి. చెమటలు షుగరు పడిపోయినా పడతాయి, నిజమే. ఇంట్లో మీటరు ఉంటే చూడండి. షుగరు పడిపోలేదని తెలిస్తే, లేదా చూసే వీలే లేకపోతే, 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో ‘షుగరు ఉంది’ అని ముందే చెప్పండి. మొదటి ఇ.సి.జి. బాగున్నా, అవసరమైతే మళ్లీ తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. తొందరపడి ఇంటికి రాకండి.

ఇక మందుల మాట. డాక్టరు కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తే, ‘నాకున్నది షుగరే కదా, ఇదెందుకు?’ అని కొందరు మానేస్తారు. అది గుండె కోసమే రాసినది. బి.పి. మాత్ర కూడా అంతే. గుండెజబ్బు కూడా ఉన్న మధుమేహ రోగులలో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర గుండె సంబంధమైన మరణాలను తగ్గించిందని 2015లో రుజువైంది. అది మీకు తగినదో కాదో ఈసారి వెళ్లినప్పుడు మీ డాక్టరును అడగండి.