పార్కు తలుపులు తెరచునపుడు

వేసవి దినములలో రాయచోటివంటి మెట్టసీమ పట్టణమున వాహ్యాళికి తగిన వేళ మిక్కిలి తక్కువ. ప్రొద్దు పొడిచిన కొంతసేపటికే ఎండ చురుక్కుమనును. కనుక నడువదలచినవారు కోడికూతతోనే లేచి, పార్కు ఉన్నచోట పార్కునకు, లేనిచోట పాఠశాల మైదానమునకు పోవుదురు. వీరిలో మధుమేహము, రక్తపుపోటు గలవారు పలువురు. వైద్యులు మందుతోపాటు వీరికి నడకను గూడ విధించియుందురు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించెను. రెండు వారములకు, మార్చి 25న, మన దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చెను. నడకయు నిలిచిపోయెను. ఆనాడు పార్కులు మూయుట తప్పనిసరి. అయితే తాళము వేయుటకు ఒక మనిషి చాలును. దానిని తీయుటకు మాత్రము వ్యాధి యెట్లు సోకునో తెలిసియుండవలెను.

వంటింటిలో ఎండుమిరపకాయలు మాడినచో ఇల్లంతయు దగ్గును గదా! అవియే ఆరుబయట మాడినచో పొయ్యి ప్రక్కనున్నవాడు దగ్గును. దూరముగా నున్నవానికి ఆ ఘాటు సోకదు. కోవిడ్ సంగతియు ఇట్టిదే. రోగి మాటలాడునపుడు, దగ్గునపుడు, ఊపిరి విడుచునపుడు వెలువడు తుంపరలలోను, కంటికి కనబడని సూక్ష్మకణములలోను వైరసు ఉండును. మూసిన గదిలో ఆ కణములు చాలసేపు తేలుచుండును. ఆరుబయట గాలి వానిని చెదరగొట్టి పలుచన చేయును. మొదటి నెలలలో జనులు తాకిన వస్తువులకే ఎక్కువ భయపడిరి. కూరగాయలను సబ్బునీళ్ళతో కడిగినవారును కలరు. గాలిద్వారా సోకుటయే ముఖ్యమైన మార్గమని తరువాత తేలెను. కనుక పార్కునందలి ముప్పు మనుష్యులు గుమిగూడుటవలన వచ్చునదే.

మన సీమవారు బ్రతుకుతెరువునకును, వైద్యమునకును పోవు బెంగళూరిలో లాల్‌బాగు, కబ్బన్ పార్కు మొదలగువానిని 2020 మే 19న తిరిగి తెరచిరి. లాల్‌బాగు 1760లో హైదరాలీ ప్రారంభించిన తోట. దాని వైశాల్యము సుమారు 240 ఎకరములు. ఉదయము 7 నుండి 9 వరకు, సాయంకాలము 5 నుండి 7 వరకు మాత్రమే నడకకు అనుమతి యుండెను. జాగ్రత్తకొఱకు చేసిన నియమమే యైనను, వేళ కుదించుట ఎల్లప్పుడును మేలని నేను తలపను. విద్యార్థులారా, లెక్క వేసి చూడుడు.

ఒక చిన్న పార్కులో నడకబాట చుట్టుకొలత 800 గజములు అనుకొందము. ఉదయము 400 మంది వచ్చి, ఒక్కొక్కరు అరగంటసేపు నడతురు. ద్వారము రెండు గంటలు మాత్రమే తెరచినచో, అందఱును వంతులవారీగా వచ్చినను ఒకేసారి 100 మంది బాటపై నుందురు. మనిషికిని మనిషికిని నడుమ ఎడము 8 గజములు. నాలుగు గంటలు తెరచినచో 50 మందియే యుందురు. ఎడము 16 గజములగును. పైగా మన ఎండలకు ఉదయము 7 గంటలనగా ఆలస్యమే. 5 గంటలకే తెరచినచో వృద్ధులు చల్లని పూటనే నడక ముగించుకొని ఇల్లు చేరగలరు.

లెక్క ఇట్లున్నను, మనుష్యులు దండలోని పూసలవలె నడువరు. మనవారికి నడకకన్న ముచ్చట ప్రియము! నలుగురు కూడి బాటకడ్డముగా, మాస్కులు గడ్డము క్రిందికి జార్చి, లోకాభిరామాయణము సాగింతురు. క్షణములో దాటిపోవువానివలన కలుగు ముప్పు స్వల్పము. అరగంటసేపు ప్రక్కనే మాటలాడుచు నడచువానివలన కలుగునది అధికము. అందఱును ఒకే దిక్కుగా, రెండు గజముల దూరమున, ఒక ఇంటివారు మాత్రమే జతగా నడచినచో ఈ చిక్కు చాలవఱకు తీరును. లోనికి పోవుటకు ఒక ద్వారము, వెలుపలికి వచ్చుటకు వేఱొకటి యుండవలెను. జ్వరము, దగ్గు గలవారు ఇంటనే యుండవలెను.

ఎడము పాటించుట మనకు క్రొత్తకాదు. లాక్‌డౌను కాలమున మన రాష్ట్రమున కూరగాయల అంగళ్ళను పలుచోట్ల పాఠశాల మైదానములకు మార్చి, నేలపై ముగ్గుతో గుర్తులు గీసి కొనువారిని నిలిపిరి. అదే సంవత్సరము మే నెలలో న్యూయార్కు నగరపు డామినో పార్కులో పచ్చికపై తెల్లని వలయములు గీసి, వచ్చినవారు వానిలోనే కూర్చుండునట్లు చేసిరి.

కొన్నిచోట్ల బల్లలకు త్రాళ్ళు కట్టి ఎవ్వరిని కూర్చుండనీయరైరి. గుంపును ఆపుటకు అది సులభోపాయమే. కాని చేతికఱ్ఱతో వచ్చు అవ్వ నూఱడుగులకొకమాఱు కూర్చుండనిదే నడువలేదు. బల్ల లేదని తెలిసిన ఆమె ఇల్లే కదలదు. బల్లకు ఒక్కరే యని సున్నముతో వ్రాసి విడిచినచో, ఆమె కూర్చుండి, అలసట తీర్చుకొని, మఱల లేచి నడువగలదు.