ఉప్పు తక్కువ, రుచి ఎక్కువ: కాల్చిన కూరగాయల పచ్చడి



ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊర్ల నుండి బి.పి. చూపించుకోవడానికి వచ్చే తల్లులను "ఉప్పు తగ్గించారా అమ్మా?" అని అడిగితే, "కూరలో తగ్గించాను సిస్టరమ్మా" అంటారు. "మరి ఊరగాయ?" అంటే నవ్వి ఊరుకుంటారు. పొలానికి పోయేవారికి సంగటిలోకి ఊరగాయే తేలిక. కాని ఊరగాయ ఏడాదంతా నిలువ ఉండేది ముఖ్యంగా ఉప్పు వల్లనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది, పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు. అనగా ఒక టీ చెంచా లోపే. కూర, మజ్జిగ, ఊరగాయ అన్నీ కలిపి ఈ లెక్క. ఉప్పు మించితే మాత్రలు వేసుకున్నా బి.పి. సరిగా అదుపులోకి రాదు. అదుపు తప్పిన బి.పి. పక్షవాతానికి, గుండె జబ్బుకు, కిడ్నీ జబ్బుకు దారి తీస్తుంది.

ఈ శ్రమకాల దినాలలో ఊరగాయకు బదులు ఈ పచ్చడి చేసి చూడండి. కూరగాయలు కాల్చితే వచ్చే కమ్మదనం, నిమ్మ పులుపు కలిసి ఉప్పు లోటు తెలియనివ్వవు.

కావలసినవి (నలుగురికి): పెద్ద వంకాయ 1, టమాటాలు 3, పచ్చిమిరపకాయలు 3, ఉల్లిపాయ 1, నిమ్మకాయ సగం, కొత్తిమీర, నూనె 1 టీ చెంచా, ఉప్పు అర టీ చెంచా.

చేయు విధానము:
1. కూరగాయలను బాగా కడగండి. వంకాయకు నిలువుగా గాటు పెట్టి పురుగు ఉందేమో చూడండి. మిరపకాయలకూ గాటు పెట్టండి, లేకుంటే పేలి కంట్లో పడతాయి.
2. వంకాయకు, టమాటాలకు నూనె రాసి నిప్పుల మీద గాని, సన్నని మంట మీద గాని తిప్పుతూ మెత్తబడేవరకు కాల్చండి. మిరపకాయలను చివర కాల్చండి.
3. చల్లారిన తరువాత మాడిన తొక్క అంతా తీసి, చేత్తో మెదపండి.
4. పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర తరిగి కలపండి. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందు కలపండి.

ఒక్కొక్కరికి వచ్చే ఉప్పు సుమారు అర గ్రాము పైన మాత్రమే. రాగి సంగటిలోకి, సజ్జ రొట్టెలోకి బాగుంటుంది. ఇది నిలువ పచ్చడి కాదు, ఏ పూటకు ఆ పూట చేసుకోండి.

గమనిక: కిడ్నీ జబ్బు ఉన్నవారు టమాటాలు ఎంత తినవచ్చో డాక్టరుగారిని అడగండి. "తక్కువ సోడియం ఉప్పు" అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది, అదీ వారు అడగకుండా వాడరాదు. రుచి మారినా బి.పి. మాత్రలు మాత్రం మానవద్దు.

మీ వంటింటిని, మీ ఇంటివారిని దేవుడు ఆరోగ్యముతో దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్