మొదటిసారి మీరిద్దరే రండి

ప్రశ్న: మాది గురజాల దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాం. మా పెద్దోడికి పదహారేళ్లు. పదో తరగతి దాకా బాగానే చదివాడు. ఇంటర్‌కి హాస్టల్లో చేర్పిస్తే రెండు నెలలకే వచ్చేశాడు, మళ్లీ వెళ్లనంటున్నాడు. రాత్రంతా ఫోనే. ఏమన్నా అంటే కంచం విసిరేస్తాడు. ఒకట్రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. మీరు మందులు రాసిస్తే అన్నంలో కలిపి పెడతాం.
- ఒక తండ్రి

జవాబు: ఆ పని మాత్రం చెయ్యకండి. తెలిసిన రోజున మీవాడు ఇంట్లో ముద్ద ముట్టడు. పైగా మనిషిని చూడకుండా మందు రాయకూడదు. అబ్బాయి రానంటే మీరూ మీ ఆవిడా కలిసి రండి. ఈ వయసు పిల్లల గొడవల్లో చాలాసార్లు వైద్యం తల్లిదండ్రులతోనే మొదలుపెడతాం. తప్పు మీదని కాదు, రోజూ వాడితో ఉండేది మీరు గనక.

అమెరికాలో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త బృందం ఇళ్లకే వెళ్లి ఇలాంటి గొడవలను గమనించింది. పెద్దవాళ్లు సణుగుతారు, పిల్లాడు అరుస్తాడు, వీళ్లు గొంతు పెంచుతారు, వాడు ఇంకా పెంచుతాడు, చివరికి విసిగిపోయి వదిలేస్తారు. అరిస్తే పనవుతుందని వాడికి అర్థమవుతుంది. కొడితే కాసేపు నోరు మూస్తాడు, కొట్టడమే మందని మనకు అనిపిస్తుంది. కంచం ఎగిరాక ఫోను మళ్లీ వాడి చేతికే వెళ్లిందా? గుర్తు చేసుకోండి.

హాస్టల్ నుంచి ఎందుకొచ్చేశాడో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదేమో. నిలదీస్తే చెప్పడు. చేలో నీళ్లు కట్టడానికి వెళ్తూ బండెక్కించుకోండి. చదువు ఊసెత్తకుండా నాలుగు రోజులు గడిస్తే వాడే నోరు విప్పొచ్చు. అప్పుడు సలహా ఇవ్వకుండా వినండి, అదే కష్టం. ఫోన్ల సంగతి మాత్రం తేల్చి చెప్పండి: రాత్రి పదింటికి ఇంట్లో అందరివీ ఒకచోట పెట్టాలి, మీది కూడా. వాళ్లమ్మో నాయనమ్మో చాటుగా ఇచ్చారంటే అంతా మొదటికొస్తుంది. మొదట్లో గొడవ పెరుగుతుంది, బెదరకండి.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఇంకోటుంది. మన పల్నాడులో పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఏ మూలనో ఉంటాయి. ఇవాళే పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. ఈ వయసులో చావాలన్న ఆవేశం చాలాసార్లు కాసేపే ఉంటుంది, ఆ కాసేపట్లో డబ్బా చేతికందకూడదు. పొరపాటున తాగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించబోకండి, 108కి ఫోన్ చేసి డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చావు మాటలు వచ్చినా, తిండీ నిద్రా తప్పి మనుషులకు దూరమైనా ఆగకండి, వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, మీరైనా చెయ్యొచ్చు.

నా దగ్గరికి వస్తున్న సంగతి వాడికి చెప్పే రండి. మా కోపం తగ్గించుకోవడం ఎలాగో అడగడానికి వెళ్తున్నామనండి.