పది మెట్లు వెనుకకు

పఠనము: 2 రాజులు 20:1–19, లూకా 19:1–10, యోహాను 21:9–19



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మన పెనుగంచిప్రోలు యౌవనస్థులు కొందరు ఒక చలనచిత్రమును గూర్చి మాతో మాటలాడిరి. అది 2022లో శ్రీ కార్తీక్ గారి దర్శకత్వములో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’. అందులో ఒక యువకుడు, చిన్ననాట ప్రమాదములో పోయిన తన తల్లిని దక్కించుకొనగోరి, యంత్రము సహాయముతో 1998వ సంవత్సరమునకు వెళ్లును. ఇట్టి కథలు మనకు క్రొత్త కాదు. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ ప్రేక్షకులను శ్రీకృష్ణదేవరాయల కాలమునకు తీసికొనిపోయెను. “అయ్యగారూ, నిజముగా అట్లు వెనుకకు పోగలిగితే ఎంత బాగుండును!” అని ఒకడు నిట్టూర్చెను.

ఆ నిట్టూర్పు సినిమాలోనిది కాదు, మన ఇండ్లలోనిది. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి ఊరిలోనికి వచ్చినప్పుడు, “ముందునాడే గొడ్లను విప్పి మెరకకు తోలియుంటిమా!” అని అనుకొననివారెవరు?

బైబిలులో ఒక రాజునకు నీడ పది మెట్లు వెనుకకు మరలెను. ఆయన హిజ్కియా. మరణకరమైన రోగములో కన్నీటితో ప్రార్థింపగా, దేవుడు ఆయనకు 15 సంవత్సరముల ఆయుస్సు కూర్చి, ఆ నీడను గురుతుగా ఇచ్చెను. అయితే అటుపిమ్మట ఏమి జరిగెను? బబులోను దూతలు రాగా తన ధనాగారమంతయు వారికి చూపి, యెషయా ప్రవక్తచేత గద్దింపు పొందెను. చూడుడి, కాలము దొరికినంత మాత్రమున మనిషి మారడు. మనలను పాత మనస్సుతోనే వెనుకకు పంపినయెడల, ఆ తప్పునే మరల చేయుదుము.

మేమెరిగిన ఒక సహోదరుడు పొలము గట్టు విషయమై అన్నతో పోట్లాడి, ఏండ్ల తరబడి మాటలాడలేదు. గట్టును జరిపినది తానేయని ఆయనకు తెలియును. ఒప్పుకొనకమునుపే అన్న కన్నుమూసెను. “ఒక్క పూట వెనుకకు పోనిచ్చినయెడల అన్న కాళ్లు పట్టుకొందును” అని మాయెదుట ఏడ్చెను. అన్న కాళ్లు ఇక దొరకవు. గాని గట్టు ఉన్నది, అన్న బిడ్డలున్నారు. ఆ వేసవిలోనే వారిని పిలిచి, వారి కన్నులయెదుట గట్టును మొదటి చోటికి జరిపించెను. దుఃఖము పోలేదు, గాని ఆ రెండు ఇండ్లవారు ఇప్పుడు ఒకే చాపమీద కూర్చుండి ప్రార్థించుచున్నారు.

జక్కయ్య చేసినదియు ఇదే. పోయిన యేండ్లను తిరిగి తేలేదు. అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు చెల్లింతునని నిలువబడి చెప్పెను. పేతురు విషయములోను, కోడి కూసిన ఆ రాత్రిని ప్రభువు తుడిచివేయలేదు. అతడు బొంకినది ఒక బొగ్గుల మంటయొద్ద. ప్రభువు అతనిని తిరిగి నిలువబెట్టినదియు ఒక బొగ్గుల మంటయొద్దనే. మూడు మారులు ఎరుగనన్నవానిని మూడు మారులు ప్రేమనుగూర్చి అడిగి, మందను అప్పగించెను.

ఇక్కడ ఒక భేదము గ్రహింపవలెను. వరదలో గొడ్లు పోవుట, ఆసుపత్రికి చేరకమునుపే తల్లి పోవుట మన పాపములు కావు. వాటికై మనలను మనము శిక్షించుకొనక, ఆ దుఃఖమును ప్రభువు పాదములయొద్ద ఉంచవలెను. చేసిన అన్యాయము వేరు. దానికి కన్నీరు మాత్రమే చాలదు, గట్టు జరుగవలెను.

ఆలోచించుడి:
1. మనము మోయుచున్నది దుఃఖమా, దోషమా?
2. ఈ వారము మనము జరుపవలసిన గట్టు ఏది? పలుకరింపవలసిన ఇల్లు ఏది?

ప్రార్థన: ప్రభువా, నిన్నటి దినమును మేము మార్చలేము. నేటి దినమును నీవిచ్చితివి. అన్నదమ్ములు బ్రతికియుండగానే సమాధానపడు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.